పాతాళానికి వెలుగెక్కడిది?

మన క్లబ్ యానిమేషన్ బృందం ఈ ఏడాది మైరావణుడి కథలోంచి ఒక్క సన్నివేశం చేస్తోంది. మొత్తం రెండు నిమిషాలు. మైరావణుడు ఎత్తుకుపోయిన రామలక్ష్మణుల్ని వెతుక్కుంటూ హనుమంతుడు తామరతూడులోంచి పాతాళానికి దిగడం, కోటగుమ్మం దగ్గర మత్స్యవల్లభుడు అడ్డుపడటం, అంతే. పూర్తయితే శ్రీరామనవమికి రామతీర్థం వచ్చే పిల్లలకి చూపించాలని కోరిక. కథ విషయంలో అందరిదీ ఒకటే మాట. గొడవంతా పాతాళం ఎలా ఉంటుందన్న దగ్గరే.

ఇప్పటికి ల్యాబ్ గోడకి అంటించిన కాన్సెప్ట్ బొమ్మలు పదకొండు. అందులో తొమ్మిదింటిలో లావా పారుతోంది. ఎర్రటి నది, నల్లటి రాళ్ళు, అక్కడక్కడ పుర్రెలు. ఏఐతో గీయించినవీ మనవాళ్ళు చేత్తో గీసినవీ పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేం. ఒకటి ఫోన్లో మా మామ్మకి చూపిస్తే "ఇదేటిరా, ఇటుకబట్టీయా?" అంది.

రాక్షసుణ్ణీ కోటనీ తర్వాత గీసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఒకటే: సూర్యుడు లేని చోట వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోంది? లావా దీనికి సులువైన జవాబు. కింద మంట పెడితే ఎవరి ముఖమైనా కింది నుంచి వెలిగి భయంకరంగా కనిపిస్తుంది, పని అయిపోతుంది. కాకపోతే అది నరకం అవుతుంది. మనం గీస్తున్నది నరకం కాదు కదా!

భాగవతం ఐదో స్కంధం తీసి చూడండి. అతలం నుంచి పాతాళం దాకా భూమి కింద ఏడు లోకాలు, భోగంలో స్వర్గాన్ని మించినవి. పగలూ రాత్రీ తెలియని ఆ చోట పాముల పడగల మీది మణులే దీపాలు. సుతలంలో బలిచక్రవర్తి ఉంటాడు, ఆయన గుమ్మం కాసేది సాక్షాత్తూ విష్ణువు. చదువుతుంటే నాకు వర్ణనలా అనిపించలేదు, ఎవరో లైటింగ్ నోట్ రాసిపెట్టినట్టుంది. పాము కదిలితే మణి కదులుతుంది, మణి కదిలితే గోడ మీద నీడ కదులుతుంది. బ్లెండర్‌లో ఒక్కో పాము తలకి ఒక్కో పాయింట్ లైట్ కట్టేస్తే సగం భయం, సగం అందం వాటంతటవే వస్తాయి. లావా సిమ్యులేషన్‌కి పట్టే రెండర్ టైమ్‌తో పోలిస్తే ఇదెంత?

మన సినిమాలు చూసి పెరిగినవాళ్ళం కాబట్టి కింది లోకం అనగానే యమలోకమే గుర్తొస్తుంది. యమగోల (1977) నుంచి యమదొంగ (2007) దాకా మనవాళ్ళు యమలోకాన్ని చక్కని ప్రభుత్వాఫీసు చేసేశారు. చిట్టాలు, గుమాస్తాలు, పొరపాట్లు. నవ్వుకోవడానికి బ్రహ్మాండం, మన సన్నివేశానికి మాత్రం పనికిరాదు. అంతకన్నా పాతాళభైరవి (1951) మళ్ళీ చూడటం మంచిది. నలుపు-తెలుపు సినిమా కనక మార్కస్ బార్‌ట్లీకి ఎరుపు వాడే వీల్లేదు. వెలుగు ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఆయన పని.

ఇక రామతీర్థం. అక్కడికి వెళ్ళినప్పుడల్లా గుడి చూసి పులిహోర తిని వచ్చేస్తాం. చుట్టూ ఉన్న కొండలు ఎక్కేది ఎంతమంది? గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ గుహలో విమలాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనం ఉంది, జైన గురువు ప్రస్తావనతో. విమలాదిత్యుడంటే నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడి తండ్రి. అంటే వెయ్యేళ్ళ కిందట మన పక్క కొండ మీద జైనులున్నారు. వాళ్ళ లోకశాస్త్రంలో భూమి కింద ఏడు అంతస్తులు, వాటి పేర్లు చూడండి: రత్నప్రభ, శర్కరాప్రభ, వాలుకాప్రభ, పంకప్రభ, ధూమప్రభ, తమఃప్రభ, మహాతమఃప్రభ. ప్రతి పేరు చివరా ప్రభే! రత్నం, గులకరాయి, ఇసుక, బురద, పొగ, చీకటి, కటిక చీకటి. అవి నరకాలే, కాదనను. కానీ అక్కడ కూడా పై అంతస్తుల్లో వేడి, అట్టడుగున వణికించే చలి. లావా ఎక్కడా అడుగున లేదు. హనుమంతుడు దిగుతున్న కొద్దీ రంగులు ఎలా మారాలో కలర్ స్క్రిప్ట్ మనకి రెడీగా ఉన్నట్టే.

తూడు సంగతి కూడా చెప్పాలి. అందరూ దాన్ని ప్లాస్టిక్ పైపులా గీశారు. చెరువులోంచి ఒక తామర కాడ తెంపి అడ్డంగా కోసి చూడండి. లోపల పొడుగునా గాలి గొట్టాలు ఉంటాయి. విరిచి లాగితే సాలెగూడు కన్నా సన్నని దారాలు సాగుతాయి. చీమంత హనుమంతుడికి ఆ దారాలు తాళ్ళంత లావు. పైనుంచి పడే ఎండ ఆకుపచ్చగా వడకట్టుకుంటూ, పలచబడుతూ, ఒకచోట ఆరిపోవాలి. అక్కడ నాలుగు సెకన్లు పూర్తి చీకటి పెట్టమంటున్నాను. "వీడియో ఆగిపోయిందనుకుంటార్రా" అంటున్నాడు ఎడిటింగ్ చూసే మిత్రుడు. అనుకోనీ.

ఎదురువాదం నాకు తెలుసు. పిల్లలు పాతాళమంటే ఎర్రగా ఉంటుందనే అనుకుంటారు, నీలంగా మెరిస్తే వాళ్ళకి అర్థం కాదు అని. తోలుబొమ్మలాట చూసిన పల్లె పిల్లలకి అర్థం కాలేదా? అక్కడ దీపం తెర వెనకే ఉంటుంది. పలచటి తోలు గుండా వెలుగొచ్చి రాముడూ రావణుడూ ఒకేలా మెరుస్తారు. ఎవరు మంచో చెడో వెలుగు చెప్పదు, ఆట చెబుతుంది.

మనకి కావాల్సిందీ అదే. గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడు హనుమంతుడి కొడుకు. ఒకరినొకరు ఎరక్క తలపడతారు. వాణ్ణి మంటల మధ్య నిలబెడితే చూసేవాళ్ళు మొదటి క్షణంలోనే రాక్షసుడని ఖాయం చేసుకుంటారు, తర్వాత ఎంత చెప్పినా ఆ ముద్ర పోదు. చీకట్లో రెండు నీడలు కొట్టుకుంటూ ఉండి, ఒక పాము మధ్యలోంచి పాకినప్పుడు మణి వెలుగు ఇద్దరి ముఖాల మీదా ఒకేసారి పడితే? ఆ రెండూ ఒకే పోలికని మాట అవసరం లేకుండా తెలిసిపోతుంది.

బృందం ఇంకా ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రం ఐదింటికి ల్యాబ్‌లో మళ్ళీ కూర్చుంటున్నాం. లావా పక్షం వాళ్ళు కూడా రండి. ఎర్ర పెన్సిళ్ళు మాత్రం ఇంట్లో పెట్టి రండి, వాదన అయ్యేదాకా.