ఎదుటివారి పలుకే మన అద్దం

మానవుడు సంఘజీవి అన్న వాక్యం మన విద్యార్థులు పరీక్షలలో తరచుగా వ్రాసేదే. అయితే సంఘం మనిషికి నివాసం మాత్రమే కాదు, అతనిలోని ‘నేను’ అన్న భావానికి పుట్టినిల్లు కూడా. మన పేరునే చూడండి. అది మన సొత్తే; కాని దానిని మనకంటె ఇతరులే ఎక్కువగా పలుకుతారు. వారు పిలిచే తీరును బట్టియే మనమెవరమో మనకు తెలిసివస్తుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ హార్టన్ కూలీ 1902లో ఈ సంగతిని అద్దంతో పోల్చాడు. ఎదుటివారికి మనమెట్లు కనబడుతున్నామో, మనలను గూర్చి వారేమనుకుంటున్నారో ఊహించుకొని, తదనుగుణంగా గర్వమో సిగ్గో పొందుతామన్నాడు. షికాగోలో బోధించిన జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఉపన్యాసాలు ఆయన మరణానంతరం 1934లో గ్రంథరూపం దాల్చినవి. భాష వంటి ఉమ్మడి సంకేతాల ద్వారానే మనిషి ఇతరుల దృష్టితో తనను తాను చూచుకోగలుగుతాడని ఆయన వాదం. వస్తువులకు అర్థం మనుష్యుల నడుమనే పుడుతుందని ఆయన అనుయాయి హెర్బర్ట్ బ్లూమర్ వివరించాడు.

ఇందుకు దృష్టాంతం వెదకుటకు షికాగో పోనక్కరలేదు. ఉగాదినాడు దేవుని కడపలోని వేంకటేశ్వరాలయానికి ముస్లిములు కూడ వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబడుచు గనుక స్వామి తమకు అల్లుడని వారి విశ్వాసం. గుడి అదే, గోడలవే. ‘అల్లుడు’ అన్న ఒక్క పిలుపు ఆ గుమ్మాన్ని వియ్యాలవారి గుమ్మం చేసింది.

పిలుపు దగ్గర చేసినట్లే దూరమూ చేయగలదు. మేము విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివేనాడు, “మీరు తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారు!” అని మెచ్చుకున్నవారు అనేకులు. వారి మనసులో కల్మషం లేదు. కాని పుట్టిననాటి నుండి ఆడుకున్న భాషలో మమ్ము అతిథిగా కూర్చుండబెట్టిన మెప్పు అది. ఇంటికి వస్తే, “తెలుగు చదివి మనవాడివి కాకుండా పోతావా?” అని బంధువుల ఎత్తిపొడుపు. రెండు అద్దాలలోను మా ముఖం సగమే కనిపించేది. పిఠాపురానికి చెందిన తెలుగు కవి ఉమర్ ఆలీషా (1885–1945) రచనలు చదివిననాడు గాని మా ముఖం మాకు పూర్తిగా కనబడలేదు.

ఇంత తెలిసియు మేము చేసిన తప్పు ఒకటి కలదు. ఒకనాడు మా తరగతిలో ఒక విద్యార్థి ‘కళాశాల’ను ‘కలాశాల’ అని చదివాడు. తరగతి నవ్వింది. మేమును నవ్వితిమి. నవ్వినవారెవరికీ తాము నిత్యం పలికే హాజరు, జవాబు, కాగితం అన్న మాటలు అరబ్బీ పారసీకాల నుండి వచ్చినవని స్ఫురించలేదు. ఆ సంవత్సరమంతా ఆ విద్యార్థి మరల నోరు విప్పలేదు. అతడు స్వభావరీత్యా మితభాషి అని తోటి అధ్యాపకులతో మేమే అన్నాము. ఆ స్వభావాన్ని అతనికిచ్చినది మేమేనని గ్రహించుటకు చాలాకాలం పట్టింది.

ఈ సంచికలో ఉర్దూ భాగం కుడినుండి, తెలుగు భాగం ఎడమనుండి ప్రారంభమై నడుమ కలుసుకుంటాయి. పాఠకులు మాత్రం ఆ నడిమికి చేరి ఆగిపోతారు. కార్యవర్గం వారికి మా మనవి ఒకటే. వచ్చే సంచికలో ఆ నడిమి పుటలు కొన్నింటిని, ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థులు వ్రాసిన తెలుగుకు, తెలుగు ఇంటిభాషగా గల విద్యార్థులు వ్రాసిన ఉర్దూకు కేటాయించవలెను. తప్పులుంటే దిద్దే బాధ్యత అధ్యాపకులది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ పక్కనున్నవాడు తానెవరో తెలుసుకొనుటకు మీ ముఖంలోనికే చూస్తున్నాడు. అతడు తడబడిననాడు నవ్వక, వాక్యం పూర్తిచేయనిస్తారని ఆశించుచున్నాము.