డ్రైసూట్‌లో మిల్లీమీటర్లు చూసి మోసపోకండి

ఫోన్ కెమెరాను మెగాపిక్సెల్స్ చూసి కొనేవాళ్లు ఇప్పుడు తగ్గారు. కానీ చల్లటి నీళ్లలో స్కూబా డైవింగ్‌కి డ్రైసూట్ కొనేటప్పుడు మాత్రం చాలామంది ఇంకా అదే పని చేస్తున్నారు. "7 ఎంఎం నియోప్రీన్ అంట, వెచ్చగా ఉంటుంది కదా?" అని నన్ను అడుగుతుంటారు. ఉంటుంది, కానీ ఒడ్డు మీద!

నియోప్రీన్ అంటే లోపల గ్యాస్ బుడగలున్న ఫోమ్. 10 మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. బుడగలు నలిగి సూట్ పల్చబడుతుంది, దాంతో వెచ్చదనమూ తేలే గుణమూ రెండూ తగ్గుతాయి. బాక్స్ మీద రాసిన మందం అక్కడ ఉండదు.

ట్రైలామినేట్ కథ వేరు. రెండు గుడ్డ పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు, అంతే. దానికదిగా వెచ్చదనం దాదాపు సున్నా. పని చేసేదంతా లోపల వేసుకునే అండర్‌సూట్. నాకు నచ్చేది ఇదే. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాలో నీళ్లు ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీలే. అక్కడికి మందపాటి అండర్‌సూట్, వేసవి సరస్సుకి పల్చటిది. సూట్ మాత్రం ఒకటే. త్వరగా ఆరుతుంది, బ్యాగ్‌లో బరువూ తక్కువే.

నియోప్రీన్‌కి ఒక గట్టి పాయింట్ ఉంది, ఒప్పుకోవాలి. సూట్‌లోకి నీళ్లొచ్చేస్తే అది ఇంకా కొంత కాపాడుతుంది. ట్రైలామినేట్‌లో అండర్‌సూట్ తడిసిందంటే వణుకే. అందుకే లోపల కాటన్ అస్సలు వద్దు. తక్కువ లోతులో, ఎప్పుడూ ఒకే చోట డైవ్ చేస్తూ, బడ్జెట్ తక్కువైతే నియోప్రీన్ తీసుకోండి, తప్పు లేదు. క్రష్డ్ నియోప్రీన్‌ని ఫ్యాక్టరీలోనే నొక్కేస్తారు కాబట్టి లోతులో పెద్దగా మారదు, గట్టిది కూడా. కానీ బరువు. వల్కనైజ్డ్ రబ్బరు మురికి నీళ్లలో పనిచేసే పోలీసు డైవర్ల సరుకు, మనకెందుకు?

ట్రైలామినేట్ సాగదు. అందుకే షాపులో అండర్‌సూట్‌తో సహా వేసుకుని గొంతుకు కూర్చోండి, చెయ్యి వెనక్కి పెట్టి ట్యాంక్ వాల్వ్ దాకా అందుతుందో లేదో చూడండి. అందకపోతే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వదిలేయండి. మిగిలిన డబ్బు మార్చుకునే సిలికాన్ సీల్స్ మీద పెట్టండి. మెడ దగ్గర సీల్ చిరిగితే కొత్తది మనమే వేసుకోవచ్చు, పాత ఫోన్లలో బ్యాటరీ మార్చినట్టు.

ఏ రకం కొన్నా డ్రైసూట్ ట్రైనింగ్ లేకుండా దిగకండి. లోపలి గాలి కాళ్లవైపు పోయిందంటే తలకిందులుగా పైకి లేచిపోతారు. అదుపు లేకుండా పైకి రావడం డైవింగ్‌లో ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

గ్యాడ్జెట్ ప్రియులు ఇక్కడ తప్పకుండా అడిగేది బ్యాటరీ హీటింగ్ వెస్ట్. బాగుంటుంది. అయితే అది డైవ్ మధ్యలో ఆగిపోయినా వణక్కుండా పైకి రాగలిగేంత అండర్‌సూట్ ముందు కొనుక్కోండి, వెస్ట్ తర్వాత.