తాళంచెవి ఎవరి కొంగున?

మా ఇంట్లో బండి తాళం కనిపించకపోతే పెద్ద గలాటా. మంచం కింద చూడమని ఒకరు, బీరువా జరపమని ఒకరు, చివరికి అందరికీ కలిపి కోపం నామీద! అదే నేను మూడు నెలలు కూర్చుని చేసిన పని ఒక్క పూటలో మాయమైతే, మా వారు పేపర్లోంచి తలెత్తకుండా "పోతే పోయింది తియ్, మళ్ళ చేసుకో" అన్నారు. పప్పు మాడినా ఇంతకంటే ఎక్కువ విచారిస్తారు.

పోయిందేమిటో చెబుతాను. మాది టేకుమట్ల. మా అత్తమ్మ పుట్టిల్లు మానేరు అవతల ఓడేడు. పెళ్ళయిన కొత్తలో, ఎండాకాలం ఏరు ఎండితే ఇసుకలో నడిచి పుట్టింటికి పోయేదట. 2016లో ఆ ఊరికీ, మా మండలంలోని గర్మిళ్లపల్లికీ మధ్య వంతెన పని మొదలైంది. పూర్తి కాకముందే 2024 ఏప్రిల్‌లో ఓ రాత్రి ఈదురుగాలికి గడ్డర్లు కూలిపడ్డాయి. ఆ కబురు విని అత్తమ్మ నవ్వి, "నేను ఇసుకల నడిచిందే నయముండె బిడ్డా" అన్నది.

ఆ నవ్వు, ఆ మాట, ఆమె పాడే బతుకమ్మ పాటలు, సకినాలు చుడుతూ చెప్పిన ముచ్చట్లు అన్నీ ఫోనులో తీశాను. అందులోనే ఒక ఎడిటింగ్ యాప్ పెట్టుకుని, దగ్గులు కత్తిరించి, ముచ్చటకో పేరు పెట్టి, గంటసేపటి సినిమాగా కూర్చాను. ఈలోగా అత్తమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ చేసుకోవాలంటే ఎవరిని కూర్చోబెట్టి చేసుకోను?

తప్పు నాది కూడా ఉంది. ఫోనులో మెమరీ నిండిపోయిందంటే, బొమ్మలన్నీ యాప్‌లో కనిపిస్తున్నాయి కదా అని, కార్డులోని అసలు వీడియోలు చెరిపేశాను. మర్నాడు యాప్ తెరిస్తే అన్నీ నల్లటి గళ్ళే! "యాప్ తీసేసి మళ్ళ వేస్కో అక్కా, అదే సరైతది" అన్నాడు మా చిన్న మరిది, అన్నీ తెలిసినవాడిలా. అలాగే చేశాను. నల్లటి గళ్ళు కూడా పోయాయి.

తర్వాత తెలిసింది. ఎడిటింగ్ ప్రోగ్రాములో మనం దాచుకునే 'ప్రాజెక్టు'లో సాధారణంగా బొమ్మలుండవు. ఫలానా వీడియోలో పదో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా తీసుకో, దాని వెనక ఫలానా పాట పెట్టు అనే రాత మాత్రమే ఉంటుంది. అది వంటల పుస్తకం, వంట కాదు. పుస్తకం ఉంది కదా అని బియ్యం డబ్బా బోర్లించుకున్నదాన్ని నేను. చాలా ఫోను యాప్‌లు ఆ పుస్తకాన్ని కూడా తమ కడుపులోనే దాచుకుంటాయి. యాప్ తీసేస్తే పుస్తకమూ పోతుంది.

నా గొడవంతా ఇక్కడే. ఈ సంగతి ముందే పెద్దక్షరాలతో ఎందుకు చెప్పరు? పెదవుల రంగు మార్చే కిటుకులూ, తలమీద పువ్వులు రాల్చే కిటుకులూ మాత్రం తెరవగానే చూపిస్తారు. ఉచితంగా ఇచ్చినవాణ్ణి నిలదీయడం ఏం మర్యాద అంటారా? ఉచితంగా బస ఇచ్చినవాడు మన పెట్టెకు తన తాళం వేసుకుంటే ఊరుకుంటామా?

ఇక పోయినదాన్ని వెతికిన సంగతి. హనుమకొండలో చదువుతున్న మా మేనకోడలు ఫోనులోనే, "అత్తమ్మా, ఇంకొక్క ఫొటో తియ్యకు, కార్డు తీసి పక్కకు పెట్టు" అంది. వీడియో చెరిపేస్తే ముందు పోయేది చిట్టాలో దాని పేరే. సరుకు చాలావరకు అక్కడే ఉంటుంది. దానిమీద కొత్తది పడితేనే నిజంగా పోతుంది. అందుకే ముందు చెయ్యి ఆపాలి. గూగుల్ ఫొటోస్ వాడేవారు అందులోని చెత్తబుట్ట కూడా చూడాలి. భద్రపరచినవి 60 రోజులు, పరచనివి 30 రోజులు అందులో ఉంటాయి. నేను వాడలేదు గనక, ఆ పిల్ల కార్డును కంప్యూటరుకు తగిలించి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా తోడింది. తోడినవాటిని అదే కార్డులో కాక వేరే డిస్కులో పోసింది. నలభై మూడింటిలో ముప్ఫయ్యొకటి దొరికాయి. పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటి తెరిచి, ఇది సకినాల నాటిది, ఇది పాటల నాటిది అని మళ్ళీ పేర్లు పెట్టుకున్నాను.

ఇప్పుడు రెండోసారి కూర్చాలి. ఏ ప్రోగ్రాము మంచిదని అడిగితే ప్రతివాడూ తను వాడేదే చెబుతాడు. నేను ఒక్కటే ప్రశ్న పెట్టుకున్నాను. రేపు నువ్వు లేకపోతే నా పని నాకు దక్కుతుందా? ఇది ఉత్త భయం కాదు. విండోస్ మూవీ మేకర్‌ను ఎందరో నేర్చుకున్నాక 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు వీవావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. కారణాలు ఏవైనా, మూడు నెలల పని అందులో పెట్టుకున్న ఇల్లాలి మాటేమిటి?

డావిన్సీ రిజాల్వ్ ఉచిత రకం గొప్పదే కానీ దానికి బలమైన కంప్యూటరు కావాలి. పైగా ప్రాజెక్టును తన సొంత ఖజానాలో దాస్తుంది, మనమే గుర్తుంచుకుని బయటికి తీసుకోవాలి. షాట్‌కట్, ఓపెన్‌షాట్, కెడెన్‌లైవ్ డబ్బడగవు, బొమ్మమీద తమ ముద్ర వెయ్యవు. వాటి ప్రాజెక్టు మామూలు అక్షరాల రాత, మన డిస్కులో మనం పెట్టుకున్నచోటే ఉంటుంది. నేను షాట్‌కట్‌తో కూర్చున్నాను. తళుకులు తక్కువే. నాకు కావలసింది తళుకులు కాదు.

"పల్లెటూళ్ళో ఈ ఎడిటింగులెందుకు?" అనేవాళ్ళకు నేనేం చెప్పక్కర్లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షోలో గంగవ్వను చూస్తే చాలు. నా కోపం మనమీదే. ఇంట్లో బంగారం ఏ అరలో ఉందో చీకట్లో చెప్పగలం. అమ్మ గొంతు ఏ ఫోల్డర్లో ఉందంటే "బాబును అడగాలి" అంటాం. అసలు వీడియోలు రెండు చోట్ల దాచడం, నెలకోసారి తెరిచి చూసుకోవడం, పాస్‌వర్డు మనమే రాసి పెట్టుకోవడం బ్రహ్మవిద్యలా? ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత పని.

దొరకని పన్నెండింటిలో మానేరు ముచ్చట లేదు. అది దొరికింది, కానీ సగమే. అత్తమ్మ "నేను ఇసుకల నడిచిందే..." అంటుండగా తెగిపోతుంది. మొన్న అది చూస్తుంటే మా వారు పేపరు పక్కన పెట్టి వచ్చి, నా వెనక నిలబడ్డారు. కాసేపాగి, "మిగిలింది రాదా?" అని అడిగారు.

"రాదు. ఈసారి మాత్రం రెండు చోట్ల దాచాను" అన్నాను.