వాళ్ల రక్తం వేరట!



మొన్న మన రామగిరి సంఘంలో ఒక సంబంధం తప్పిపోయింది. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లే, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లే. కారణం అడిగితే పెద్దలు చెప్పింది ఒక్కటే: "అయ్యగారూ, వాళ్ల రక్తం వేరు." మేము ఏమీ అనకుండా లేచి వచ్చేశాం. ఆ మౌనం తప్పు. అందుకే ఇది రాస్తున్నాం.

రక్తం వేరా? చూద్దాం.

మన డీఎన్‌ఏలో ప్రోటీన్లను తయారుచేసే రాత నూటికి రెండు వంతులు కూడా లేదు. దాదాపు సగం మాత్రం ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే ముక్కలు, వాటి పాత నకళ్లు. 1940లలో బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రవేత్త మక్కజొన్న గింజల మీది రంగు మచ్చలు చూసి ఈ సంగతి పట్టుకుంది. లోకం చాలాకాలం పట్టించుకోలేదు. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది.

వీటిలో ఆలూ అనే రకం ఉంది, కూరలో వేసేది కాదు! ఒక్కొక్కటి సుమారు 300 అక్షరాలు. ప్రతి మనిషిలో పది లక్షలకు పైగా ఉన్నాయి. మాదిగ, మాల, రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ అని చూడకుండా అందరిలో ఉన్నాయి. మార్పు లేకుండా దిగివచ్చిన రక్తం ఎవరికీ లేదు.

ఆలూ ఒక చోట దూరిందంటే సాధారణంగా అక్కడే ఉండిపోతుంది, పిల్లలకూ మనవళ్లకూ దిగుతుంది. ఇద్దరిలో సరిగ్గా అదే చోట అదే ముక్క ఉంటే, అది ఇద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందన్నమాట. ఓపెన్‌కాస్ట్ గోడలో పొరలు చూసి ఏది ముందుదో చెప్పినట్టే ఇదీ.

మన తెలుగువాళ్ల మీదే ఈ పరీక్ష జరిగింది. 2001లో మైకేల్ బామ్‌షాద్ బృందం ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది కులాలవాళ్ల డీఎన్‌ఏ పరిశీలించి ఫలితాలు ప్రకటించింది. 39 ఆలూ ముక్కలు, ఇంకో రకం ఒకటి, మొత్తం 40 చోట్లు చూశారు. పై కులాలు యూరప్‌వాళ్లకు కాస్త దగ్గరని తేలింది. ఇంతమాత్రం విని మీసం మెలేసేవాళ్లుంటారు. ఆగండి. ఆ తేడా శాతాల్లో తేడా. ఒక ముక్క ఇక్కడ నూటికి కొందరికి ఎక్కువ, అక్కడ కొందరికి తక్కువ. అది కులానికి దేవుడు వేసిన ముద్ర కాదు.

2013లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందాలు ఇంకో మాట చెప్పాయి. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఈ దేశంలో జనం విస్తారంగా కలిశారు. తర్వాతే ఎవరి గీత వాళ్లు గీసుకున్నారు. అంటే గోడ కొత్తది, కలయిక పాతది.

"అయ్యగారూ, ఇదంతా పరిణామం చదువు, మనకెందుకు?" అంటారు. గ్యాస్ కొలిచే పరికరాన్ని నమ్మి బాయి దిగుతాం కదా! ప్రాణానికి పనికొచ్చే శాస్త్రం, గర్వాన్ని విరిచేటప్పుడు చేదా?

వంశం మంచిదైతే జబ్బు రాదనే మాట కూడా నిలవదు. 1988లో హేగ్ కజాజియన్ బృందం ఇద్దరు హీమోఫీలియా రోగులను పరీక్షించింది. గెంతే ముక్క ఒకటి రక్తం గడ్డకట్టించే జన్యువులో దూరి దాన్ని పాడుచేసింది. తల్లిదండ్రుల్లో అది లేదు. కాబట్టి జబ్బు పిల్లవాడిని చూసి తల్లిని నిందించేవాళ్లు నోరు మూసుకోవాలి. యోహాను 9వ అధ్యాయంలో ప్రభువు అదే నింద కొట్టివేశాడు.

పైగా, కులంలోనే పెళ్లి చేసుకుంటూ పోతే దాగిన లోపాలు పోగవుతాయి. మన తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు త్వరగా దిగదు. తప్పు వాళ్లది కాదు. తరతరాల కట్టుబాటు పెట్టిన ఖర్చది.

బాయిలో కప్పు కూలితే చెయ్యి అందించినవాడి కులం అడుగుతామా? ఆసుపత్రిలో రక్తం కావాలంటే గ్రూపు అడుగుతాం. పెళ్లి దగ్గరే కులం గుర్తొస్తుంది! ఏథెన్సులో పౌలు చెప్పింది (అపొ. కార్యములు 17:26) ఇంటికి వెళ్లి చదవండి. మనుషులందరి మూలం ఒక్కటే అన్న మాట నమ్మని సంఘం, సిలువ కింద కట్టిన కులసంఘమే.

ఇకమీదట మన మందిరంలో పెళ్లి ప్రకటనకు ముందు రక్తం మాట ఎవరైనా ఎత్తితే మేము మౌనంగా లేచి రాము. ఆ మాట అన్నవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే.