మందులు తెచ్చే విరేచనాలు

విరేచనాలు పట్టుకోగానే మన ఇళ్ళల్లో మొట్టమొదట నింద పడేది తిండి మీద. నిన్న పెళ్ళిలో తిన్న వంకాయకూర, వీధి చివర బజ్జీల బండి, మునిసిపాలిటీ పంపునీళ్ళు - వీటిలో ఏదో ఒకటి కారణమని ఇంట్లోవాళ్ళే తేల్చేస్తారు. చాలాసార్లు వాళ్ళు చెప్పేది నిజమే. అయినా ఆస్పత్రిలో విరేచనాలని వచ్చిన ప్రతి మనిషినీ నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ రెండు నెలల్లో ఏమేం మందులు వాడారు?"

"ఏమీ వాడలేదండీ" అన్నదే సాధారణంగా వచ్చే జవాబు. కాస్త ఆగి, "షుగరు మాత్ర రోజూ వుంటుందనుకోండి. పన్ను పీకించుకున్నప్పుడు అయిదు రోజులు ఏవో గొట్టం మాత్రలు వేసుకున్నాను. గ్యాసుకు తెల్లమందు తాగుతున్నాను" అంటారు. రోజూ వేసుకునే మందును మందుల లెక్కలో చేర్చకపోవడం మనవాళ్ళకు అలవాటు. పై మూడింటిలో ఏదైనా సరే విరేచనాలకు కారణం కావచ్చు.

"ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, అందుకే విరేచనాలు" అని పెద్దవాళ్ళు అంటూంటారు. మందు వేసుకున్నాకే విరేచనాలు వచ్చాయని వాళ్ళు గమనించింది నిజమే. కాని కారణం వేడి కాదు, ఒక్కో మందుది ఒక్కో కారణం.

ముందు యాంటీబయాటిక్స్ సంగతి చూద్దాం. మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం వుంటాయి. మనం అరిగించుకోలేని పిండిపదార్థాన్నీ పీచునూ అవి తిని మనకు మేలు చేస్తాయి. చెడ్డ క్రిములకు పేగులో చోటు దొరకకుండా చేసేదీ అవే. గొంతులోనో చిగుళ్ళలోనో వున్న క్రిమిని చంపడానికి వేసుకున్న మందు కడుపులోని ఈ మంచి క్రిములను కూడా చంపేస్తుంది. దానితో అరగని పదార్థం పేగులో నిలిచి, నీటిని లాక్కుని, పలచగా బయటికి వస్తుంది. అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్, సెఫిక్సిమ్, క్లిండామైసిన్ వంటివి ఈ విషయంలో ముందుంటాయి. ఎరిత్రోమైసిన్‌ది మరో దారి, అది పేగు కదలికనే పెంచుతుంది.

ఇలా వచ్చేవి చాలావరకు తేలికపాటి విరేచనాలే. రోజుకు మూడు నాలుగుసార్లు పలచగా అవుతుంది, జ్వరం వుండదు, మందు కోర్సు అయిపోయిన కొద్ది రోజులకు అదే సర్దుకుంటుంది. నీళ్ళు, ఉప్పు, పంచదార లోటు రాకుండా చూసుకుంటే చాలు. మందు రాసిన డాక్టరుకు ఒక మాట చెప్పండి. ఆ యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే కొనసాగించమంటారు, లేకపోతే మార్చడమో ఆపడమో చేస్తారు.

అసలు చిక్కు ఎక్కడంటే, చాలామంది డాక్టరు దగ్గరికి పోరు, మందుల షాపుకు పోతారు. "మోషన్స్ అవుతున్నాయి, ఏదైనా ఇవ్వు" అంటే ఆ కుర్రాడు ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు నాలుగు చింపి ఇస్తాడు. అది మరో యాంటీబయాటిక్! మొదటి దానికి కొనవూపిరితో మిగిలిన మంచి క్రిములు రెండో దానితో పోతాయి. ఎక్కువమందికి ఈ మాత్రలు వేసుకున్నా వేసుకోకపోయినా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కాబట్టి మాత్ర గొప్పదనుకుంటారు. కొందరికి మాత్రం తగ్గదు.

అలా తగ్గని మనిషిని ఒకామెను చెబుతాను. అరవై దాటిన ఇల్లాలు. మూత్రంలో మంటకు వారం రోజులు యాంటీబయాటిక్ వాడింది. మంట పోయింది, మందు ఆగిపోయింది. మూడు వారాల తరువాత రోజుకు పదిసార్లు నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. షాపు మాత్రలు ఒక కోర్సు అయ్యాయి. విరేచనాలు "బంద్" చేసే మాత్రలు కూడా వేశారు. విరేచనాల సంఖ్య తగ్గిందని ఇంట్లో సంతోషించారు, కాని పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికి నాలుక పీచులా ఎండి, మనిషి మగతగా వుంది. "మందు ఆపి మూడు వారాలైంది కదా, దానికీ దీనికీ ఏం సంబంధం?" అని ఆమె కొడుకు అడిగాడు. మందుకూ ఆ విరేచనాలకూ సంబంధం వుంది.

క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి ఒకటి వుంది. పేగులోని మంచి క్రిములు చచ్చి చోటు ఖాళీ అయితే ఇది పెరిగి, విషాన్ని విడుదల చేసి, పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తుంది. ఈ క్రిమిని 1935లోనే పసిపిల్లల మలంలో చూశారు. యాంటీబయాటిక్స్ తరువాత వచ్చే ప్రమాదకరమైన పేగు వాపుకు ఇదే కారణమని 1978లో గాని తేలలేదు. యాంటీబయాటిక్ వాడుతుండగానే రావచ్చు, ఆపిన రెండు మూడు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. అందుకే నేను "రెండు నెలల్లో" అని అడిగేది. వయసు మళ్ళినవారికి, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు పడుకున్నవారికి ప్రమాదం హెచ్చు. మల పరీక్షతో దీన్ని పట్టుకోవచ్చు. దీనికి వేరే మందులున్నాయి. వాంకోమైసిన్ అన్న మందును ఇంజక్షనుగా కాక నోటి ద్వారా ఇస్తారు, అదే నేరుగా పేగులో పనిచేస్తుంది. ఆ ఇల్లాలు పన్నెండో రోజున ఇంటికి వెళ్ళింది. ఇంట్లో ఇటువంటి రోగి వుంటే సేవ చేసేవారు సబ్బూ నీళ్ళతో చేతులు కడుక్కోవాలి. సీసాలోని శానిటైజరు ఈ క్రిమి గుడ్లలాంటి బీజాలను చంపలేదు.

కాబట్టి జ్వరం వున్నా, మలంలో రక్తం కనిపించినా, ఈమధ్య యాంటీబయాటిక్ వాడివున్నా లోపరమైడ్ వంటి బంద్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఆ మాత్రలు విరేచనాన్ని పేగులో ఆపుతాయే గాని రోగాన్ని ఆపవు, విషం లోపలే నిలిచిపోతుంది. చిన్నపిల్లలకు అసలే ఇవ్వరాదు.

ఇక షుగరు మాత్ర. మెట్‌ఫార్మిన్ మంచి మందు, చవకైన మందు, ఎన్నో ఏళ్ళుగా కోట్లమంది వాడుతున్నారు. దీనితో మొదటి వారాల్లో పేగులు గడబిడ చేయడం చాలామందికి అనుభవమే. కొందరు రిటైరైన మాష్టార్లు నా దగ్గరికి వచ్చి, బస్సు ప్రయాణం మానేశామనీ, పెళ్ళిళ్ళకు వెళ్ళడం లేదనీ, పొద్దున్నే వాకింగుకు పోవాలన్నా భయమనీ సిగ్గుపడుతూ చెబుతారు. అప్పటికే పేగు పరీక్షలకు వేలు ఖర్చయివుంటాయి. కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్రే మానేసి, షుగరు మూడువందలు దాటాక వస్తారు. ఈ రెండూ అక్కర్లేదు. మాత్రను పరగడుపున కాక భోజనం మధ్యలోనో భోజనం కాగానేనో వేసుకోవాలి. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికో రెండు వారాలకో కొంచెం పెంచుకుంటూ పోవాలి. అప్పటికీ ఇబ్బందైతే, మెల్లగా కరిగే ఎస్.ఆర్. రకం మాత్రకు మార్పించుకోవచ్చు. దాన్ని నమలకుండా, విరవకుండా మింగాలి. ఏళ్ళ తరబడి పడిన మందే ఒకనాడు పడకపోవడం కూడా నేను చూశాను. కనుక "పదేళ్ళుగా వాడుతున్న మాత్రే కదా" అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. భోజనానికి ముందు వేసుకునే అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు కూడా కడుపుబ్బరం, గ్యాసు, విరేచనాలు తెస్తాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. గ్యాసుకు తాగే తెల్లమందుల్లో మెగ్నీషియం వుంటుంది, అది విరేచనకారి. అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది కాబట్టి రెండూ కలిపి తయారుచేస్తారు. అయినా సీసాలకు సీసాలు తాగితే మెగ్నీషియమే గెలుస్తుంది. నెలసరి నొప్పికి వాడే మెఫినమిక్ ఆసిడ్, గౌటు నొప్పికి వాడే కాల్చిసిన్ కూడా ఇంతే. కాల్చిసిన్ వాడేవారికి విరేచనాలు పట్టుకుంటే మోతాదు మించిందనడానికి అది గుర్తు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. గుండెకు వాడే డిగాక్సిన్, మానసిక వ్యాధికి వాడే లిథియం విషయంలోనూ అంతే. బి.పి.కి వాడే ఓల్మిసార్టాన్ అరుదుగా, వాడిన నెలలకో ఏళ్ళకో, మనిషి బరువు తగ్గిపోయేంత విరేచనాలు తెస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. చక్కెర లేని సిరప్పుల్లో తీపికి కలిపే సార్బిటాల్ కూడా పేగును కదిలిస్తుంది. కాన్సరు మందులు వాడేవారు ఇంట్లో వైద్యం చేసుకోకుండా తమ ఆస్పత్రికి ఫోను చేయాలి.

కారణం ఏదైనా, ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోవడం. "లంఖణం పరమౌషధం" అని మనవాళ్ళు తిండీ నీళ్ళూ కూడా మాన్పిస్తారు. జ్వరానికి సంగతేమో గాని విరేచనాలకు ఇది పనికిరాదు. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, మెత్తగా కలిపిన పెరుగన్నం, అరటిపండు - ఇవన్నీ నిర్భయంగా పెట్టవచ్చు. కాఫీ, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు మానాలి.

అన్నిటికన్నా మంచిది ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమబెంగాల్ బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అంతకుముందు నూటికి 30 దాకా వున్న మరణాలు 4 కన్నా తక్కువకు దిగాయి. ఈనాటి ప్యాకెట్టు దాని మనుమరాలే. ఒక లీటరు ప్యాకెట్టును ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలోనే కలపాలి. సగం ప్యాకెట్టు ఉజ్జాయింపుగా గ్లాసులో వేసుకోవడం ప్రమాదం. కలిపినది 24 గంటల తరువాత పారబోయాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. షుగరు రోగులు ఓ.ఆర్.ఎస్. తాగవచ్చా అని అడుగుతారు. తాగవచ్చు. లీటరు ద్రావణంలో వుండే గ్లూకోజు 13.5 గ్రాములే, లీటరు కూల్‌డ్రింకులో చక్కెర సుమారు 100 గ్రాములుంటుంది. పెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలకు ఓ.ఆర్.ఎస్. అన్న పేరు తగిలించకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని వుందో లేదో చూసి కొనండి.

మరో ముఖ్యమైన సంగతి. నీళ్ళ విరేచనాలు బాగా అవుతున్న రోజుల్లో కొన్ని రోజువారీ మందులు హాని చేయగలవు. నీరు పోయించే మాత్రలు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బి.పి. మాత్రలు, మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు ఈ కోవలోవి. వీటిని ఆ ఒకటి రెండు రోజులు ఆపాలా అని అదేరోజు మీ డాక్టరును అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు, తీవ్రమైన విరేచనాలు ఒక రోజుకు మించితే ఆ మాత్ర ఒంటపట్టివుండదని గుర్తుంచుకోవాలి.

నిలబడితే కళ్ళు తిరగడం, ఆరేడు గంటలైనా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, జ్వరం, పొట్ట ఉబ్బడం, మగత - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆస్పత్రికి వెళ్ళండి. వాడుతున్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, సంచిలో వేసుకుని పోండి. ఏ రంగు మాత్రో చెబితే మాకు అర్థం కాదు.

రాకుండా చూసుకోవడానికి ఉన్న దారి ఒకటే. జలుబుకూ, మామూలు గొంతునొప్పికీ యాంటీబయాటిక్ అడగకండి. అవి వైరస్ వల్ల వచ్చేవి, ఆ మందుకు లొంగవు. సెఫిక్సిమ్ వంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడగని షాపువాడు మీకు ఉపకారం చేయడం లేదు.

ఒక తల్లి రాసిన ఉత్తరానికి జవాబిచ్చి ముగిస్తాను. "మా నాలుగేళ్ళ బాబుకు చెవిపోటుకు డాక్టరుగారు యాంటీబయాటిక్ సిరప్పు రాశారు. రెండో రోజు నుంచి అయిదుసార్లు పలచగా వెళ్తున్నాడు. ఆడుకుంటూనే వున్నాడు. మందు ఆపి, పెరుగు మాన్పించమంటున్నారు మా అత్తగారు. ఏం చేయాలి?"

ఆడుకుంటూ, మూత్రం మామూలుగా పోస్తూ వుంటే భయం లేదమ్మా. మందు ఆపే ముందు రాసిన డాక్టరుకు చెప్పండి. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం తరువాతి మోతాదు వేయకుండా వెంటనే చూపించండి. పెరుగు మాన్పించనక్కర్లేదు, పెట్టండి. (సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులు వాడే పెద్దవాళ్ళు మాత్రం పాలు పెరుగులకూ మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం వుంచాలి.) పలచగా అయిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు దాకా ఓ.ఆర్.ఎస్. గుక్కగుక్కగా తాగించండి. జింకు మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వండి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. ప్రోబయాటిక్ పొడి యాంటీబయాటిక్‌తోబాటే మొదలుపెడితే పిల్లలకు కొంత మేలు చేస్తుంది, కాని రోగనిరోధకశక్తి తగ్గిన పిల్లలకు డాక్టరును అడగకుండా వాడరాదు. సిరప్పు పాళ్ళు ఒకసారి సరిచూడండి. పొడి సీసాలో నీళ్ళు గీత దాకా పోశారా, సీసాతో వచ్చిన కొలతమూతతోనే పోస్తున్నారా? ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజు వుంటాయి.