ఉస్తరాకి ఇజ్జత్, మరి హజామ్‌కి?

ఈద్‌కి రెండ్రోజుల ముందు బెజవాడ నుంచి ఒక దోస్త్ ఫోన్ చేశాడు. సలామ్, దువా అయ్యాక అసలు సంగతికొచ్చాడు. "మీ దాదా ఉస్తరా ఇంకా మీ దగ్గరే ఉందా భాయ్? ఉంటే నాకిచ్చెయ్. ఎంతంటే అంతిస్తా."

పాత ఉస్తరాలు వెతికి కొనడం, తుప్పు వదిలించడం, విరిగిన పిడి మార్పించడం, మళ్ళీ సాన పట్టించి వాటితోనే చెంపలు గీసుకుని ఖత్ తీసుకోవడం ఏడాదిగా ఆయన షౌఖ్. ఇంగ్లండులో షెఫీల్డ్‌వి, జర్మనీలో జోలింగెన్‌వి నాలుగు సంపాదించాడు. మా దాదాది షెఫీల్డ్‌దని ఎప్పుడో నేనే నోరు జారాను.

ఇవ్వనన్నాను. ఆయన బుజ్జగించాడు, నవ్వాడు, కాస్త కినుక కూడా పడ్డాడు. ఫోన్ పెట్టేశాక నాకు మూడేళ్ళ కిందటి ముచ్చట గుర్తొచ్చింది. మా భాంజీకి ఆయన ఖాందాన్ నుంచే ఒక రిష్తా వచ్చింది. పిల్ల నచ్చింది, చదువు నచ్చింది, లేన్-దేన్ మాటలు కూడా అయిపోవచ్చాయి. ఆఖర్లో ఎవరో "వాళ్ళు హజామోళ్ళంట" అన్నారు. అంతే, అట్నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఆ కబురు మోసుకొచ్చింది ఈ దోస్తే. "నాదేం లేదు భాయ్, మా బుజుర్గులు ఒప్పుకోవట్లా" అన్నాడు తల దించుకుని.

ఉస్తరా కావాలి. ఉస్తరా పట్టిన ఇంటి పిల్ల వద్దు. నా ఫిర్యాదు ఇదే.

మాది ముసునూరు. నూజివీడు పక్కన, చుట్టూ మామిడి తోటలు. మా దాదా పొది చంకన పెట్టుకుని రమణక్కపేట, చెక్కపల్లి దాకా సాయిబుల ఇళ్ళకి నడిచి వెళ్ళేవాడట. పైసలిచ్చేవాళ్ళు తక్కువ. పంట ఇంటికొచ్చినప్పుడు మేర కొలిచేవాళ్ళు, ఎండాకాలం తోట దగ్గరకెళ్తే ఒక గంపెడు రసాలు. అరుగు మీద కూర్చోబెట్టి పని చేయించుకునేవాళ్ళు. గడప లోపలికి పిలిచింది తక్కువ. మా ఊరు 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. ఆ గడప మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ఉస్తరా ఇప్పుడు మా రేకు పెట్టెలో, నూనె గుడ్డలో చుట్టి ఉంటుంది. కొమ్ము పిడి. రేకు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. కిందటేడు తీసి చూస్తే ఎర్రగా తుప్పు పట్టి, వాదర మీద చిన్న పన్ను లేచి ఉంది. మా అబ్బాకి చూపులు సరిగా ఆనవు. అయినా పక్కన కూర్చుని నా చేత సాన పట్టించాడు.

ఆ ఇల్మ్ ఏంటో చెప్తాను. ఉస్తరాని రాయి మీద పెడితే వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనాలి. వంటింటి కత్తిలాగా వెన్ను పైకెత్తకూడదు. ఎంత వాలుగా నూరాలో రేకు వెడల్పే తేల్చేస్తుంది, చేసినవాడు ముందే ఆ లెక్క కట్టి చేశాడు. రాయి మీద వాదర ముందుకు నడవాలి. తోలు పట్టా మీద వెన్ను ముందుకు నడవాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. వాదర మీద తిప్పావా, పట్టా తెగుతుంది, పదునూ పోతుంది. పన్ను పోయేదాకా గరుకు రాయి, తర్వాత నున్న రాయి, ఇంకా నున్నది, చివర్లో తోలు. బలం పెట్టకూడదు. "రాయిని రుద్దకు బేటా, నిమురు" అంటాడు అబ్బా. చెవితోనే పట్టేస్తాడు. చప్పుడు గరగరమంటే "ఇంకా కాలా" అంటాడు, సన్నగా జారితే "చాలు, ఇక తోలు" అంటాడు.

మూడు సాయంత్రాలు పట్టింది. నాలుగో రోజు వేడి నీళ్ళతో గడ్డం నానబెట్టి, సబ్బు నురగ పట్టించి, ఎడం చేత్తో చర్మం లాగిపట్టి, వెంట్రుక వాలిన వైపే గీశాను. గడ్డం కింద ఒకచోట తెగింది. అబ్బా నవ్వి పటిక రాశాడు. ఆ రోజు అర్థమైంది, నలభై ఏళ్ళు రోజుకి పాతిక మంది గొంతుల మీద ఈ వాదర నడిపి ఎవరికీ గాటు పెట్టకపోవడం అంటే ఏంటో. దాన్ని మన మొహల్లాల్లో "చిన్న పని" అంటాం.

ఒక మాట ఇక్కడే తేల్చి చెప్పాలి. సెలూన్లలోకి మళ్ళీ పాత ఉస్తరాలు రావాలని నేననడం లేదు. వాడి పారేసే బ్లేడు ఉన్న రేజరుకి అమెరికాలో జిలెట్ 1904లోనే పేటెంటు తీసుకున్నా, మన ఊళ్ళ షాపుల్లో ఉస్తరా చాన్నాళ్ళు నడిచింది. ఎయిడ్స్ భయం పాకిన రోజుల్లో జనం "కొత్త బ్లేడు వెయ్" అని అడగడం మొదలుపెట్టారు. అబ్బా కూడా సగం బ్లేడు బిగించే పిడికి మారిపోయాడు. మంచిదే అయింది. ఒకరి నెత్తురంటిన వాదర ఇంకొకరి చర్మం మీద పడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రావచ్చు. డెట్టాల్ నీళ్ళలో ముంచి తీస్తే సరిపోదు. పాత ఉస్తరా ఇంట్లో వాడుకోవాలి, అదీ ఒక మనిషికి ఒక ఉస్తరా. దోస్త్ షౌఖ్ మీద నాకు జలన్ లేదు. ఏటా డబ్బాల కొద్దీ ప్లాస్టిక్ రేజర్లు చెత్తలో పారేసేకన్నా, వందేళ్ళ నాటి ఇనుముని బాగుచేసుకుని వాడుకోవడం అచ్ఛా పనే.

కానీ వస్తువుకి పెరిగిన ఇజ్జత్ మనిషికి ఎందుకు పెరగదు?

ఆలోచించండి. మనం ఈ దునియాలోకొచ్చిన ఏడో రోజున అఖీఖాలో మన తల నిమిరింది ఎవరి చెయ్యి? డాక్టర్లు రాకముందు మన ఊళ్ళలో ఖత్నాలు చేసింది ఎవరు? నిఖా రోజు పొద్దున్నే దూల్హాకి ఖత్ తీసేదెవరు? హజ్ పూర్తయ్యాక హాజీ తల వంచేది ఎవరి ముందు? ఇన్నిచోట్ల హజామ్ కావాలి. దావత్‌లో మాత్రం "అరే హజామ్, నువ్వు తర్వాత కూర్చో" అంటాం. తెల్లగడ్డం మనిషిని కూడా "తూ" అంటాం.

హజామ్ అన్న మాట అరబీలో హిజామా చేసేవాడు, అంటే చెడు నెత్తురు తీసేవాడు అన్న అర్థంతో మొదలైంది. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం అబూ తైబా చేత హిజామా చేయించుకున్నారనీ, ఆయనకి మజూరీ ఇప్పించారనీ, యజమానులతో మాట్లాడి ఆయన కట్టే సొమ్ము తగ్గించమన్నారనీ హదీసుల్లో ఉంది. ఆఖరి హజ్‌లో ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు తల అప్పగించింది కూడా ఒక క్షురకుడికే. ఈ సున్నత్‌లు చెప్పే నోళ్ళతోనే "వాళ్ళతో రిష్తా ఏంటి" అనడం ఎలా కుదురుతుంది?

"కుఫూ చూడాలి కదా బేటా" అంటారు బుజుర్గులు. చూడండి, నేను వద్దనను. పిల్ల చదువు చూడండి, అఖ్లాఖ్ చూడండి, దీన్ చూడండి. దాదా చేతిలో ఏ పనిముట్టు ఉండేదన్నది ఇందులో ఎక్కడొస్తుంది? 2007లో సర్కారు బీసీ-ఈ జాబితా చేసినప్పుడు అందులో "హజామ్, నాయి, నాయి ముస్లిం, నవీద్" అని రాసింది. అదే జాబితాలో షేక్‌లూ ఉన్నారు, ఖురేషీలూ ఉన్నారు. ఆ 4 శాతం సీట్ల కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు అందరం ఒకే వరసలో నిలబడతాం. సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని దస్తర్‌ఖాన్ దగ్గరకొచ్చేసరికి వరసలు వేరవుతాయి.

తప్పంతా అవతలివాళ్ళదే అని చెప్పి తప్పించుకోను. ఎనిమిదో క్లాసులో ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను "వ్యాపారం" అని రాశాను. అబ్బా ఆ కాగితం చూశాడు. ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. ఆ మౌనం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. మా వాళ్ళలో కువైట్, దుబాయ్ వెళ్ళి సెలూన్లలో పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటికొస్తే "అక్కడ ఆఫీసు పని" అంటారు. మనమే దాచుకుంటే ఎదుటివాడు ఎందుకు గౌరవిస్తాడు? సాన పట్టే హునర్ తెలిసిన ఆఖరి తరం మా అబ్బాలదే. షౌఖీన్లు వేలకి వేలు పెట్టి ఉస్తరాలు సాన పట్టించుకుంటున్న ఈ రోజుల్లో మన పిల్లలే ఆ హునర్ నేర్చుకుంటే రోజీ కూడా అవుతుంది. కానీ ఇజ్జత్ లేని పని ఏ పిల్లాడు నేర్చుకుంటాడు?

నేనడిగేది పెద్దదేం కాదు. ఈసారి సెలూన్‌లో కుర్చీ ఎక్కినప్పుడు "ఆప్" అనండి. దావత్‌లో పక్కన కూర్చోబెట్టుకోండి. రిష్తా వస్తే పిల్లని చూడండి, పొదిని కాదు.

నిన్న దోస్త్‌కి నేనే ఫోన్ చేశాను. "ఉస్తరా అమ్మను యార్. సాన పట్టడం నేర్చుకుంటానంటే మాత్రం ముసునూరు రా. మా ఇంట్లో మా దస్తర్‌ఖాన్ మీద తిను. మా అబ్బా ముందు కూర్చుని ఆయన్ని ఉస్తాద్ అని పిలువు. వచ్చేటప్పుడు మీ బుజుర్గుల్లో ఒకరినైనా తీసుకురా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వస్తా భాయ్" అన్నాడు. రసాలు దిగే టైమ్ అయింది. అబ్బా తోలు పట్టాకి నూనె రాసి పెట్టాడు. చూస్తున్నాం.