నడకనూ పరీక్షించవలసిందే

మోకాళ్ళ నొప్పికి ఏ తైలం రాయాలని అడిగేవారే గాని, "నా నడక ఒకసారి చూడండి" అని వైద్యుని కోరేవారు అరుదు. ప్రాచీనులు నడకను ఇంతగా ఉపేక్షించలేదు. ఒక కాలు కుంటువానిని ఖంజుడని, రెండు కాళ్ళూ చెడినవానిని పంగువని వేరుచేసి చెప్పారు. నడవనారంభించగానే వణుకుతూ కుంటడం కళాయఖంజం. కేసరి పప్పు నిత్యాహారంగా తిన్నవారిలో కనిపించే కాళ్ళ పక్షవాతాన్ని ఆధునికులు దీనితోనే పోలుస్తారు. పాదం వంకరగా మోపడం వలన చీలమండలో పుట్టే నొప్పికి వాతకంటకమని పేరు. నొప్పికి మూలం అడుగులోనే ఉండవచ్చునని వారెరుగుదురు.

ఈ పరీక్ష ముందుగా కావలసినది మధుమేహ రోగులకని నా అభిప్రాయం. ఏండ్ల తరబడి చక్కెర అదుపు తప్పినవారికి అరికాలి స్పర్శ సన్నగిల్లుతుంది. బరువంతా ఒకేచోట పడి ఆనెకాయ కడుతుంది, దాని అడుగున పుండు పడుతుంది. నొప్పి తెలియదు గనుక రోగి నడుస్తూనే ఉంటాడు. కాలి నుండి చెప్పు జారిపోయినా గమనించనివారు కూడ ఈ కోవలోనివారే. వారిలో కుష్ఠువ్యాధి ఉన్నదేమో కూడ చూడాలి. ఇటువంటివారు తిమ్మిర్లకని వేడినీటిలో పాదాలుంచి బొబ్బలు తెచ్చుకుంటారు. గృహవైద్యాన్ని అభిమానించే మనమే ఈ మాట గట్టిగా చెప్పాలి: స్పర్శ పరీక్ష జరిగేవరకు కాపడం వద్దు.

తరువాత వృద్ధులు. ఏడాదిలో ఒకసారైనా తూలి పడినవారు, అడుగులు చిన్నవై నడకలో ఒక చేయి ఊగడం మానినవారు "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోరాదు. ఆ చేయి కంపవాతానికి తొలి సూచన కావచ్చు. నడక హఠాత్తుగా ఒకనాడే మారితే మాత్రం ఈ పరీక్షల కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అది పక్షవాతం కావచ్చు.

పిల్లల విషయంలో తొందర తగదు. రెండేండ్ల లోపు దొడ్డికాళ్ళు, మూడు నాలుగేండ్లకు మోకాళ్ళు రాసుకోవడం చాలమందిలో సహజమే. ఒక కాలే వంగినా, మూడేండ్లు దాటినా మునివేళ్ళ మీదనే నడుస్తున్నా చూపించాలి. ఫ్లోరైడు నీరు తాగే ఊళ్ళలో మరింత జాగ్రత్త అవసరం. నల్లగొండ జిల్లాలో వంకరపోయిన కాళ్ళను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఏ బాధా లేనివారు ఖరీదైన యంత్రాల మీద నడిచి చూపించుకోవడం వృథా వ్యయం. అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టుకు పొడవాటి వరండా ఒకటి చాలు. వెళ్ళేటప్పుడు కొత్త చెప్పులు కాక రోజూ తొడిగే పాత జతనే తొడుక్కొని వెళ్ళండి. ఏ పక్క అరిగినదో ఆయన తిరగవేసి చూస్తాడు.